నెలవంక గుర్తు బ్యాటరీలు

మా ముత్తాతగారు మునసబు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. మా తాతగారు ఊరు వదిలి అనకాపల్లి వచ్చి, బెల్లం మార్కెట్లో సొంత కొట్టు కట్టారు. మా కాటా మీద ఒకసారి తూకం పడ్డాక మళ్ళీ తూచమని అడిగిన రైతు లేడని మా నాన్నగారు నాకు చాలాసార్లు చెప్పారు. రైతులు తమ గోనెల మీద తమ తమ గుర్తులు వేసుకుని తెచ్చేవారు. ఒకరిది మూడు చుక్కలు, ఒకరిది చెరకు ఆకు, ఒకరిది రెండు గీతలు. ఆ గుర్తుల రేకులు మా కొట్టులోనే కత్తిరించి ఇచ్చేవారు, ఒక్కో నకలు మా దగ్గర ఉండేది. తూకం అయిన వెంటనే సరిగ్గా ఆ గుర్తు మీదే మా కొట్టు గుర్తు పడేది. రేకులో కత్తిరించిన నెలవంక, నీలిరంగు. దాని కింద రైతు గుర్తు కనిపించకుండా పోవాలి. సరుకు మాదైపోయిందని చెప్పడానికి అదే పద్ధతి. ఒడిశా వైపు వెళ్ళే లారీల మీద ఆ నెలవంక చూసి, విప్పి చూడకుండా దించుకునేవారు.

వ్యాపారం మా నాన్నగారి హయాంలోనే పోయింది. ఎలా పోయిందో చెప్పడం ఇక్కడ అవసరం లేదు. నాకు నలభై ఆరేళ్ళు వచ్చేసరికి కొట్టు తాళం వేసి ఉంది, కాటా పెరట్లో తుప్పు పడుతోంది, ముద్ర రేకులు గుడ్డ సంచిలో బీరువా అడుగున ఉన్నాయి. నేను అచ్యుతాపురంలో ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్ కీపరుగా చేరాను. రెండువేల తొమ్మిది ప్రాంతం అది. మందుల కంపెనీల్లో దుమ్ము చొరబడని గదులు కడతారు చూడండి, వాటికి గోడల పలకలూ సీలింగ్ పలకలూ బిగించే పని మాది.

ఇప్పుడు స్టోర్లలో కొత్తగా చేరుతున్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతారేమోనని రాస్తున్నాను. నేను చేసిన తప్పు వాళ్ళు చేయకూడదని మాత్రమే కాదు. ఆ తప్పు నుంచి నన్ను బయటపడేసిన మనుషుల గురించి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని.

పొద్దున్నే ఏడింటికి కంపెనీ బస్సు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, పూర్తి చేతులు, మణికట్టు దాకా గుండీలు. స్టోరు అంటే రేకుల షెడ్డు. అందులో అందరూ పెయింటు డబ్బాలు బోర్లించి కూర్చునేవారు. నేను ఇంటి నుంచి కుర్చీ తెప్పించుకున్నాను. ఫిట్టర్లు నన్ను బాబుగోరూ అని పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవం ఎంతో వెక్కిరింత ఎంతో తేల్చుకోవాలని నేనెప్పుడూ ప్రయత్నించలేదు.

మా బస్సు కొండకర్ల మలుపు దగ్గర ఆగినప్పుడు ఒకావిడ ఎక్కేది. స్టోరు ఊడవడం, సామాను అందించడం, సాయంత్రం బ్యాటరీలు ఛార్జింగు పెట్టడం ఆవిడ పని. అంతకుముందు అక్కడి ఆవలో, అంటే మంచినీటి సరస్సులో, పట్టిన చేపలు బుట్టలో పెట్టుకుని ఊళ్ళ మీద అమ్మేదట. భర్త మంచాన పడ్డాక ఊళ్ళు తిరగడం కుదరక ఈ పనిలోకి వచ్చింది. మెడలో గేటు పాసు ఎప్పుడూ జాకెట్టు లోపలికి వేసుకునేది, వానకి తడవకుండా. ఆ పాసు విలువ బయటివాళ్ళకి తెలియదు. ఒక కాంట్రాక్టరు దాన్ని వెనక్కి తీసుకుంటే గేటు దగ్గర పుస్తకంలో ఎక్కిస్తారు. ఆ తర్వాత ఆ ఆవరణలో ఏ కంపెనీలోనూ పని దొరకదు.

మా పనికి వైరు లేని డ్రిల్లులు ప్రాణం. పాత సైటు నుంచి వచ్చినవి కొన్ని, కొత్తగా కొన్నవి కొన్ని. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగు, ఒకే ఆకారం. బ్యాటరీలు కూడా అంతే. పాతవి పది, కొత్తవి పద్నాలుగు. ఏ బ్యాటరీ అయినా ఏ డ్రిల్లులోనైనా దిగుతుంది, ఏ ఛార్జరులోనైనా కూర్చుంటుంది. కూర్చోవడం వేరు, సరిపోవడం వేరు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. పాత వాటిలో ఉండేది నికెల్ కాడ్మియం. కొత్త వాటిలో ఉండేది మరో రకం నికెల్, ఎక్కువసేపు పని చేస్తుంది కాని వేడికి ఆగదు. వాటికి వేరే ఛార్జరు ఉంది. పాత ఛార్జరులో పెడితే తొందరగా వేడెక్కిపోయి, లోపల ఉండే రక్షణ మీట తెగి, సగం కూడా నిండకుండానే ఆకుపచ్చ దీపం వెలిగిపోతుంది. ఇదంతా బ్యాటరీ పొట్ట మీద తయారీదారు చిన్న అక్షరాలతో అచ్చు వేసే ఇచ్చాడు. ఏ రకమో, ఏ నంబరు ఛార్జరులో పెట్టాలో, అన్నీ.

ఆ అచ్చు మీద నేను కాగితం అంటించాను.

చేరిన రెండో వారంలో అంటించాను. స్టోరులో ఏ వస్తువుకీ వరస లేదు, అది నా కంటికి నచ్చలేదు. తెల్ల కాగితాలు ఒకే కొలతలో కత్తిరించి, నల్ల సిరాతో ఒకటి నుంచి ఇరవై నాలుగు వరకు అంకెలు వేసి, సరిగ్గా తయారీదారు అచ్చు మీదే జిగురు పెట్టి అతికించాను. పక్కన ఖాళీ లేక కాదు. మా ఇంట్లో గుర్తు వేసే పద్ధతి అది. సరుకు మన కొట్టులోకి వచ్చాక పాత గుర్తు మీద మన గుర్తు పడాలి. నా చేతిరాత బాగుంటుంది. అలమరలో ఆ ఇరవై నాలుగింటినీ వరసగా పేర్చి, కొంచెం దూరం జరిగి చూసి, చాలా రోజుల తర్వాత నాకు తృప్తిగా అనిపించింది.

నాలుగు రోజుల తర్వాత ఆవిడ చెరో చేతిలో ఒక బ్యాటరీతో నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"బాబుగోరూ, ఇయి రెండూ ఒకటి కాదండి. సేపలు ఒకే పొడుగున్నా ఒకదాని కడుపులో గుడ్లుంటాయి సూడండి, అలాగుంది ఇది. బరువు."

నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. దీపం ఆకుపచ్చగా వెలిగితే తీసేయడం, లేకపోతే ఉంచడం, అంతకుమించి ఆలోచించక్కర్లేదని చెప్పాను. ఆవిడ ఇంకోసారి రెండు చేతులూ ఎత్తి దించి చూసుకుని, సరేనండి అని వెళ్ళిపోయింది. కాటా వ్యాపారం చేసిన ఇంట్లో పుట్టినవాణ్ణి. బరువులో తేడా ఉందని ఒక మనిషి చెబితే చెయ్యి చాచి పట్టుకుని కూడా చూడలేదు.

ఆ తర్వాత నెలన్నర పాటు ఫిట్టర్ల నుంచి సణుగుడు వస్తూనే ఉంది. ఈ బ్యాటరీ ఆగదు, ఆ బ్యాటరీ ఆగదు అని. వాళ్ళు మొరటుగా వాడతారని నేను అనేవాణ్ణి. అందులో కొంత నిజం లేకపోలేదు. వాళ్ళ మేస్త్రీ ఒకసారి చిన్న స్క్రూ మిషను బ్యాటరీని పెద్ద డ్రిల్లులో దూర్చడానికి దాని కాళ్ళు చాకుతో చెక్కేశాడు. దూరలేదు సరికదా మళ్ళీ సొంత మిషనులో కూడా దిగలేదు. ఆ ముక్కని బల్ల మీద పెట్టి, మేస్త్రీ సణిగినప్పుడల్లా దానివైపు చూపించేవాణ్ణి. అతను నవ్వి వెళ్ళిపోయేవాడు. నోరు మూయించడానికి నాకు మంచి ఆయుధం దొరికింది. దానివల్ల వినవలసిన మాట వినలేదు.

అసలు రోజు మే నెలలో వచ్చింది. కంపెనీ పెద్దలు మధ్యాహ్నం రెండింటికి గది చూడటానికి వస్తున్నారు. సీలింగులో ముప్పై పైచిలుకు పలకలు మిగిలి ఉన్నాయి. నేల మీద కొత్తగా పోసిన పూత ఇంకా పచ్చిగా వాసన వేస్తోంది. ఆ ఆవిరి ఉండగా కరెంటు వైర్లు లోపలికి లాగకూడదని కంపెనీ భద్రత వాళ్ళు ముందే చెప్పారు. వాళ్ళు ఒప్పుకున్నది బ్యాటరీ డ్రిల్లులు ఒక్కటే. ఎనిమిదింటికి మేస్త్రీ పన్నెండు బ్యాటరీలు తీసుకుని వెళ్ళాడు. అన్నిటికీ ఆకుపచ్చ దీపం వెలిగిందని నేనే సంతకం పెట్టి ఇచ్చాను. తొమ్మిది కాకుండానే తొమ్మిది బ్యాటరీలు గోనెసంచిలో వేసుకుని తిరిగి వచ్చాడు.

"ఏటి బాబుగోరూ, ఇయి బ్యాటరీలా, ఇటికలా? నాలుగు స్క్రూలు తిప్పేసరికి సచ్చిపోతన్నాయి. మావోళ్ళు పైన ఒకసేత్తో పలక మోసుకుని నిలబడున్నారు."

గబగబా మళ్ళీ ఛార్జింగు పెట్టించాను, చేతికి దొరికినవి చేతికి దొరికిన దాంట్లో. పది నిమిషాల్లో ప్లాస్టిక్కు కాలిన వాసన వచ్చింది. ఒక ఛార్జరు మూత మెత్తబడి వంగిపోయింది. ఆ వాసనకే అన్నట్టు సైటు ఇంజనీరు వచ్చాడు. గుంటూరు వైపు అబ్బాయి, నా వయసులో సగం. ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు, ఆ రోజు కూడా పెంచలేదు. ఇవి ఛార్జింగు ఎవరు పెడతారని అడిగాడు.

"ఆ మనిషే పెడుతుంది," అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. ఆకుపచ్చ దీపం సంగతి చెప్పలేదు. కాగితాల సంగతి అప్పటికి నాకే తట్టలేదు. కాని ఆవిడ బరువు తేడా చెప్పిన రోజు మాత్రం ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఊరుకున్నాను. సాయంత్రం వెళ్ళేటప్పుడు గేటులో పాసు ఇచ్చేసి వెళ్ళమని ఆయన ఆవిడకి చెప్పి, లోపల పని చూడటానికి వెళ్ళిపోయాడు.

ఆవిడ ఏడవలేదు, నన్ను చూడలేదు. మెడలోంచి పాసు తీసి నా బల్ల మీద పెట్టింది. పాసు తీసిన మనిషి ఇంక వెళ్ళి బస్సు కోసం కూర్చోవచ్చు. ఆవిడ వెళ్ళి బ్యాటరీల ముందు నేల మీద కూర్చుంది. మేస్త్రీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, అతని మనుషులు పైన పలక మోస్తున్నారు, ఆవిడకి ఆ ఒక్కటే కనిపించినట్టుంది. రెండు చేతుల్లోకి రెండు బ్యాటరీలు తీసుకుంది. కళ్ళు అటువైపు లేవు, గోడ మీద ఉన్నాయి. ఒకటి ఎడమవైపు పెట్టింది, ఒకటి కుడివైపు పెట్టింది. మళ్ళీ రెండు. షెడ్డులో ఉన్న ఇరవై ఒకటీ రెండు కుప్పలు కావడానికి అయిదు నిమిషాలు పట్టి ఉండదు.

"ఇయి బరువులు, ఇయి తేలికలు. ఆ మూడు కొత్త ఛార్జింగు పెట్టెల్లో బరువులు పెట్టు బావా. తేలికలు పాతవాటిల్లో పెట్టు," అంది మేస్త్రీతో. నాతో కాదు.

అప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. బరువుల కుప్పలోంచి ఒకటి తీసుకుని, నా చేత్తో అతికించిన కాగితం గోటితో పీకాను. కింద చిన్న అక్షరాలు. కొత్త రకం పేరు, దాని ఛార్జరు నంబరు. తేలికల కుప్పలోంచి ఇంకొకటి పీకాను. పాత రకం. మోకాళ్ళ మీద కూర్చుని అన్నీ పీకాను. ఇస్త్రీ చొక్కాకి జిగురు అంటింది. రెండు కుప్పల్లో కలిపి ఆవిడ చెయ్యి తప్పింది ఒక్కదాని విషయంలోనే. అది కింద పడి పగిలి, ఎవరో లోపల మైనం పోసి అతికించిన బ్యాటరీ.

గంటకి ఏడేసి చొప్పున నిండిన బ్యాటరీలు లోపలికి వెళ్ళాయి. పెద్దలు రెండింటికి వచ్చారు. ఇంజనీరు వాళ్ళని టీ దగ్గర గంటసేపు కూర్చోబెట్టాడు. మూడింటికి ఆఖరి పలక బిగిసింది.

నాలుగింటికి నేను పాసు చేత్తో పట్టుకుని ఇంజనీరు గదికి వెళ్ళాను. ఆ నలభై అడుగుల దూరం నాకు బాగా గుర్తుంది. మా ఇంట్లో తప్పు ఒప్పుకోవలసి వచ్చినప్పుడు ఏ మాటతో మొదలుపెడతారో నాకెవరూ నేర్పలేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పాను. అచ్చు మీద కాగితం అంటించింది నేను, బరువు తేడా ఉందని ఆవిడ ముందే చెబితే విననిది నేను, పొద్దున మీరు అడిగినప్పుడు ఊరుకున్నది నేను. పాసు ఎవరిదైనా పోవాలంటే నాది పోవాలి. నా మెడలోది కూడా తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

ఆయన రెండు పాసులూ చూశాడు. వాటిమీద ఫొటోలు చూశాడు.

"ఆవిడకి రాయడం రాదు. మీకు చూడటం రాదు. ఇద్దరూ కలిస్తే నాకు ఒక స్టోర్ కీపరు ఉన్నట్టు," అని రెండూ నా వైపు తోశాడు. "కాలిపోయిన ఛార్జరు సంగతి ఏం రాయాలో మీరే రాసివ్వండి. మీ దస్తూరీ బాగుంటుందిగా."

నా తప్పు నేనే ఒప్పుకుంటూ రాసిన కాగితం అది. అంత శ్రద్ధగా నేనింకేదీ రాయలేదు. నాలో సగం వయసున్న ఆ అబ్బాయి ఆ రోజు నన్ను పంపించేసి ఉంటే, ఇంకెక్కడా ఉద్యోగానికి వెళ్ళేవాణ్ణి కాదు. పరువు పేరు చెప్పి ఇంట్లో కూర్చునేవాణ్ణి. ఆయనకి నేను ఎంత రుణపడి ఉన్నానో ఆయనకి తెలియదనుకుంటాను.

పాసు ఆవిడ చేతికి ఇచ్చాను. ఆవిడ దాన్ని మెడలో వేసుకుని, జాకెట్టు లోపలికి తోసుకుని, అప్పుడు నా చొక్కా మీద జిగురు మరకలు చూసింది.

"మరేటి సేత్తారు బాబుగోరూ. పెద్దింటోళ్ళకి కిందేటుందో సూడ్డం అలవాటుండదు కదండి," అంది. అని, మరక పోవాలంటే కిరసనాయిలుతో తుడవమని కూడా చెప్పింది.

ఆ రాత్రి బీరువా అడుగు నుంచి గుడ్డ సంచి తీశాను. మర్నాడు అది బస్సులో నా ఒళ్ళో ఉంది. ఫిట్టర్లలో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళు తక్కువ, అంకెలు గుర్తుపెట్టుకునే తీరిక ఎవరికీ లేదు. రైతుల గోనెలకి పనికొచ్చిన గుర్తులు వీటికీ పనికొస్తాయి. చుక్కల రేకు, ఆకు రేకు, గీతల రేకు బల్ల మీద పరిచాను. పాత రకానికి ఆవిడ ఆకు ఎంచింది. కొత్త రకానికి ఏది బాగుంటుందని చూస్తూ, సంచి ఇంకా ఖాళీ కాలేదని కనిపెట్టింది.

"అదేటండి, దాసేరు?"

నెలవంక బయటికి తీశాను. దాన్ని తేవాలని తెచ్చానో, మిగతావాటితో వచ్చేసిందో ఇప్పటికీ చెప్పలేను. ఆవిడ దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఇదే బాగుంది, దూరానికి కూడా తెలుస్తుంది అంది. అది ఏ కొట్టు గుర్తో నేను చెప్పలేదు. నీలిరంగు డబ్బా తెప్పించాను. బ్యాటరీ మీద నెలవంక, డ్రిల్లు మీద నెలవంక, ఛార్జరు మీద నెలవంక. ఈసారి పక్కన వేశాను. తయారీదారు అచ్చు అలాగే కనిపిస్తూ ఉంది.

వారం తిరిగేసరికి సైటులో ఎవరూ ఆ బ్యాటరీల నంబర్లు అడగడం మానేశారు. మేస్త్రీ గుమ్మంలోంచే కేకేసేవాడు, "సందమామవి రెండియ్యి మామా," అని. బాబుగోరు ఎప్పుడు పోయి మామ ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు. గమనించాక దిద్దలేదు. కాళ్ళు చెక్కిన బ్యాటరీని బల్ల మీద నుంచి తీసేశాను. మధ్యాహ్నాలు ఆవిడ నా కళ్ళు మూయించి, నా చేతిలో రెండు బ్యాటరీలు పెట్టి ఏది బరువో చెప్పమనేది. తప్పు చెబితే ఫిట్టర్లందరికీ వినిపించేలా చెప్పేది. ఏడాదికి నాకూ వచ్చింది, ఆవిడంత కాకపోయినా. ముప్పై ఏళ్ళు కాటా పక్కన పెరిగి నేర్చుకోనిది ఆవ పక్కన పెరిగిన మనిషి దగ్గర నేర్చుకున్నాను.

ఆ తర్వాత ఇంకో మూడు సైట్లలో చేసి రిటైరయ్యాను. ఎక్కడికి వెళ్ళినా మొదటిరోజు చేసిన పని ఒకటే. బ్యాటరీ, డ్రిల్లు, ఛార్జరు పక్కపక్కన పెట్టి, వాటిమీద ఏం రాసి ఉందో చదివేవాణ్ణి. చదివాక, వాటిని రోజూ పట్టుకునే మనిషిని పిలిచి, నీకేం తెలుసు అని అడిగేవాణ్ణి. కొత్తగా చేరిన పిల్లలకి నేను చెప్పగలిగింది అంతే. ఆవిడ అదే పాసుతో పక్క కంపెనీ స్టోరుకి మారి, అక్కడే పర్మనెంటు అయింది. నేను అనకాపల్లిలో ఎదురుపడితే, నా చేతిలో కూరల సంచి లాక్కుని ఒకసారి ఎత్తి చూసి, ఎంత తూగుతుందో చెప్పి ఇస్తుంది.

మా కొట్టు స్థలం ఆ బ్యాటరీల గొడవ జరిగిన మరుసటి ఏడు అమ్మేశాం. కాటాని పాత ఇనుము కింద తూచి తీసుకెళ్ళారు. అచ్యుతాపురం పని అయిపోయాక కాంట్రాక్టరు పాత సామాను అంతా ఒక లాటుగా విశాఖపట్నం వర్తకుడికి అమ్మాడు. ఆ జాబితా నేనే రాశాను. మా కొట్టు గుర్తుతో అమ్ముడుపోయిన ఆఖరి సరుకు అది: పద్నాలుగు బ్యాటరీలు, ఆరు డ్రిల్లులు, మూడు ఛార్జర్లు.